క్లో ద వూజో: ఒకే ప్రహరీ లోపల ఇన్ని రకాల వైన్ ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉంటున్నాను. గత సెప్టెంబరులో, ద్రాక్షకోతలు జరుగుతున్న రోజుల్లో, డిజోన్ నుంచి దక్షిణంగా వెళ్లే పాత రహదారి మీద ప్రయాణిస్తూ వూజో అనే చిన్న ఊరి దగ్గర ఆగాను. చుట్టూ రాతిగోడ ఉన్న విశాలమైన ద్రాక్షతోటనూ, దాని పైభాగాన నిలిచిన పాత కోటనూ చూసి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఆ తోట పేరు క్లో ద వూజో అనీ, ఫ్రెంచిలో 'క్లో' అంటే గోడ కట్టి మూసిన తోట అనీ అప్పుడే తెలిసింది.

ఆ రోజు అక్కడి ఒక రైతు దగ్గర ఒక సీసా కొన్నాను. రెండు నెలల తర్వాత స్నేహితుల ఇంట్లో అదే పేరుతో, అదే సంవత్సరపు పంటతో వచ్చిన మరో రైతు సీసా తాగే అవకాశం వచ్చింది. మొదటిది ముదురు రంగులో, నాలుకను పట్టేసే వగరుతో, నల్ల చెర్రీ వాసనతో, మింగిన తర్వాత కూడా చాలాసేపు నిలిచే రుచితో ఉంది. రెండవది పలచగా, కాస్త పుల్లగా ఉండి త్వరగా ముగిసిపోయింది. రెండింటి మీదా గ్రాండ్ క్రూ అనే అత్యున్నత హోదా ముద్రించి ఉంది, ధరల్లోనూ పెద్ద తేడా లేదు. ఒకే గోడ లోపల, ఒకే పీనో న్వార్ ద్రాక్ష నుంచి ఇంత భిన్నమైన వైన్లు ఎలా వస్తాయి? పూర్వం ఈ తోట యజమానులైన క్రైస్తవ సన్యాసులు దీని పైభాగపు వైన్‌ను పోప్‌కూ, మధ్యభాగపుది రాజులకూ ఇచ్చి, కింది భాగపుది తాము తాగేవారని అక్కడ విన్నాను. అది నిజమేనా? ఇన్ని డజన్ల మంది యజమానులు ఉండటానికి నెపోలియన్ వారసత్వ చట్టమే కారణమని మరొకరు చెప్పారు. తెలిసినవారు వివరంగా రాయగలరు.

మొదటి సమాధానం

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటి చిక్కుముడి కూడా అక్కడే విడుతుంది. పిల్లలందరికీ సమాన వాటా ఇవ్వాలన్న 1804 నాటి నెపోలియన్ చట్టం వల్ల బర్గండిలో, అంటే వూజో ఉన్న ఈ వైన్ ప్రాంతంలో, ఎన్నో తోటలు తరతరానికీ ముక్కలైన మాట వాస్తవమే. వూజో తోట విషయంలో మాత్రం ఆ వివరణ సరిపోదు. ఫ్రెంచి విప్లవం తర్వాత కూడా దాదాపు వందేళ్ల పాటు ఈ తోట చెక్కుచెదరకుండా ఒక్కటిగానే ఉంది.

మొదటినుంచీ చూద్దాం. 1098లో ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో సీటో అనే చోట ఒక మఠం వెలిసింది. సిస్టర్షియన్ సన్యాస సంప్రదాయం పుట్టింది అక్కడే. మఠం ఉన్న చోటు అడవి, చిత్తడి నేల కావడంతో ద్రాక్షకు పనికివచ్చేది కాదు, అయితే ఆరాధనకూ, అతిథులకూ, తమ నిత్యభోజనానికీ వైన్ తప్పనిసరి. అందుకని 12వ శతాబ్దం ఆరంభం నుంచి వాళ్లు పడమటి కొండవాలు వైపు చూశారు. స్థానిక భూస్వాములు దానంగా రాసిచ్చిన చెక్కలు కొన్ని, కొన్నవి కొన్ని, మార్పిడిలో వచ్చినవి కొన్ని, ఇలా రెండు శతాబ్దాలకు పైగా ఓపికగా కలుపుకుంటూ వచ్చి, 1336 నాటికి మొత్తం తోట చుట్టూ గోడ పూర్తి చేశారు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ గోడ మఠం ఆస్తికి హద్దు. లోపలి నేలంతా ఒకే జాతిదని చెప్పడానికి కట్టిన గోడ కాదది. దానంగా వచ్చిన భూమి మెరకలోనూ ఉంటుంది, పల్లంలోనూ ఉంటుంది.

పాత గానుగలున్న వైన్ శాలలను ఆనుకుని మీరు చూసిన కోట 1551లో లేచింది. 1790లో విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులను జాతీయం చేసింది, మరుసటి ఏడాది తోటను వేలం వేసింది. కొన్ని చేతులు మారిన తర్వాత 1818లో తోట ఊవ్రార్ కుటుంబానికి దక్కింది. మరుసటి ఏడాదే ఆ కుటుంబం పొరుగున వోన్ గ్రామంలోని రొమనే కాంతి అనే ప్రఖ్యాత తోటను కూడా కొన్నది. ఆ కుటుంబానికి బర్గండి చరిత్రలో ఎంత బరువుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆ తర్వాత ఫిలోక్సెరా అనే వేరు పురుగు వచ్చింది. 1878లో అది ఈ జిల్లాలో కనిపించింది. తీగలన్నీ పీకి, అమెరికా తీగల వేళ్లకు అంటుకట్టి కొత్తగా నాటడం తప్ప దానికి మందు లేకపోయింది. అంత ఖర్చు ముందున్న రోజుల్లో, 1889లో, వారసులు తోటను ఆరుగురు బర్గండి వ్యాపారులకు అమ్మారు. ముక్కలు కావడం అక్కడినుంచే మొదలై, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ, వారసుల మధ్య పంచుకుంటూ ఈనాటికి సుమారు ఎనభై మంది యజమానుల వద్దకు చేరింది. మొత్తం విస్తీర్ణం 50 హెక్టార్లకు కాస్త ఎక్కువ, అంటే దాదాపు 125 ఎకరాలు. సగటున ఒక్కొక్కరికి ఎకరంన్నర.

1937లో ప్రభుత్వం ఈ ప్రాంతపు తోటలకు హోదాలు నిర్ణయించినప్పుడు గోడ లోపలి భాగమంతటినీ గ్రాండ్ క్రూగా ప్రకటించింది. అంతకుముందు 1855లో డాక్టర్ లావాల్ అనే ఆయన ఇక్కడి తోటలకు చేసిన వర్గీకరణలోనూ ఈ తోటకు అగ్రస్థానమే దక్కింది. కాని ఆ రోజున అది ఒకే యజమాని, ఒకే గిడ్డంగి కింద తయారైన వైన్. ఇవాళ్టి ఎనభై మంది ఆ పాత పేరును పంచుకుంటున్నారు.

పోప్, రాజు, సన్యాసి అన్న మూడు వైన్ల మాట పరంపరగా చెప్పుకునే కథ. సీటో మఠాధిపతి ఒకరు 14వ శతాబ్దంలో పోప్ 11వ గ్రెగొరీకి ఈ వైన్ పీపాలు పంపి, ఆ తర్వాత కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి) అయ్యాడని కూడా చెబుతారు. కథ ఎలా పుట్టినా, వాలులో పైకీ కిందికీ తేడా ఉందని అక్కడివారికి ఎప్పటినుంచో తెలుసన్న సంగతిని అది భద్రంగా దాచిపెట్టింది.

రెండవ సమాధానం

పై సమాధానంలో మెరక, పల్లం అన్న మాటలు వచ్చాయి కాబట్టి నేల గురించి నేను కొంచెం రాస్తాను. వ్యవసాయశాస్త్రం చదువుకున్నవాడిని, ఈ తోటను రెండుసార్లు కాలినడకన చూశాను.

పై అంచు నుంచి రోడ్డు దాకా నడిస్తే వాలు చాలా తక్కువనిపిస్తుంది, కానీ పాదాల కింది మట్టి మాత్రం మారిపోతూ వస్తుంది. కోట చుట్టుపక్కల పైభాగంలో నేల పలచన. మూరెడు లోతులోనే సున్నపురాయి తగులుతుంది, పైమట్టి నిండా గులకరాళ్లు ఉంటాయి. వాన నీరు నిలవదు, తీగ వేళ్లు రాతి పగుళ్లలోకి దిగుతాయి. ఎక్కువ నీరు అందని తీగకు ద్రాక్షపండు చిన్నదిగా, తొక్క వాటా ఎక్కువగా వస్తుంది. వైన్‌కు రంగు, వగరు, వాసన చాలావరకు తొక్కనుంచే వస్తాయి కాబట్టి మీ మొదటి సీసా లాంటి సాంద్రత ఇలాంటి చోట్ల సహజం. మధ్యభాగంలో సున్నపురాయి మీద బంకమట్టి పాలు పెరుగుతుంది. కింద, రహదారి వైపు, రెండు మూరలు తవ్వినా మట్టే ఉంటుంది, అదీ బరువైన బంకమట్టి. వర్షాల సంవత్సరంలో అక్కడ నీరు ఇంకక నిలిచిపోతుంది, పండు ఉబ్బుతుంది, రుచి పలచబడుతుంది. పైగా చల్లటి గాలి పల్లానికి జారుతుంది కనుక, వసంతంలో మొగ్గ విచ్చుకునే వేళ మంచు దెబ్బ తగిలే ప్రమాదం కింది వరుసలకే ఎక్కువ.

బర్గండిలో సాధారణంగా గ్రాండ్ క్రూ పొలాలు వాలు మధ్యలో ఒక పట్టీలాగా సాగిపోతాయి. వాటికి దిగువన ఊరి పేరుతో అమ్ముడయ్యే మామూలు వైన్ తోటలు, అటు తర్వాత రహదారి వస్తాయి. వూజోలో ఆ క్రమం లేదు. గోడ రోడ్డు దాకా వచ్చింది కాబట్టి హోదా కూడా రోడ్డు దాకా వచ్చింది. ఈ తోటకు ఉత్తరాన ఎగువన మ్యూజిన్యీ, దక్షిణాన ఎగువన గ్రాండ్ ఎషెజో తోటలు గోడ పక్కనే ఉన్నాయి. వాటిని ఆనుకున్న చెక్కల వైన్‌కూ, రోడ్డు పక్క చెక్కల వైన్‌కూ ఒకే పేరు ఉండటం నేల దృష్టితో చూస్తే న్యాయంగా తోచదు.

మూడవ సమాధానం

పై ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే కింది భాగాన్ని ఇలా పూర్తిగా తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. నేను పదిహేనేళ్లుగా ఈ తోట వైన్లను శ్రద్ధగా తాగుతున్నాను. 2003 లాంటి మండువేసవిలో పైభాగంలోని పలచని నేల ఎండిపోయి తీగలు అలసిపోతాయి, అదే సమయంలో కింది బంకమట్టి తనలో దాచుకున్న తేమతో తీగను కాపాడుతుంది. వేసవులు వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అంతకన్నా ముఖ్యమైనది రైతు చేయి. ఎకరంన్నర చెక్కలో శీతాకాలపు కత్తిరింపు ఎంత కఠినంగా చేశాడు, తీగకు ఎన్ని గుత్తులు ఉంచాడు, తీగల వయసెంత, కోత ఎప్పుడు మొదలుపెట్టాడు, కాడలతో సహా పులియబెట్టాడా, కాడలు తీసేశాడా, కొత్త ఓక్ పీపాలు ఎన్ని వాడాడు అన్నవన్నీ సీసాలోకి దిగుతాయి. ఉదాహరణకు తోటలో అందరికన్నా పెద్ద భాగం, అయిదున్నర హెక్టార్ల దాకా, షాతో ద లా తూర్ వారిది. తమ ద్రాక్షను గోడ లోపలే వైన్‌గా మార్చేది వారొక్కరే. వారు గుత్తిని కాడలతోనే పులియబెట్టే పద్ధతికి పేరుపొందారు. వారి వైన్‌కూ, పక్కనే కాడలన్నీ తీసేసే మరొకరి వైన్‌కూ నేల ఒకటే అయినా స్వభావం వేరు.

వూజో స్వభావం గురించి మరో మాట. పొరుగునున్న మ్యూజిన్యీలో ఉండే పూలవాసన, మృదుత్వం ఇందులో వెతకకూడదు. ఇది మొదట్లో ముడుచుకుని, వగరుగా, బరువుగా ఉంటుంది. పదేళ్లు దాటాక తడిమట్టి, పుట్టగొడుగు, అడవి ఆకుల వాసనలు మెల్లగా బయటికి వస్తాయి. మీరు తాగిన రెండు సీసాలూ బహుశా ఇంకా చిన్నవయసులోనే ఉండి ఉంటాయి. కొనేముందు లేబుల్ జాగ్రత్తగా చదవండి. గోడ లోపలి చెక్కలకు సన్యాసుల కాలం నుంచీ పేర్లున్నాయి, మ్యూజిన్యీ (పొరుగు తోట పేరే ఉన్న లోపలి చెక్క), గ్రాన్ మోపెర్తుయీ వంటి ఎగువ చెక్కల పేర్లను కొందరు లేబుల్ మీదే ముద్రిస్తారు. పేరు లేకపోతే చెక్క ఎక్కడుందో రైతును అడగవచ్చు, వాళ్లు సంతోషంగా చెబుతారు. కోటలో మాత్రం ఇప్పుడు వైన్ తయారు కాదు. 1934లో ఏర్పడిన తాస్త్‌వాన్ అనే వైన్ ప్రియుల సంఘం దాన్ని చూసుకుంటూ అక్కడ విందులు జరుపుతుంది. సందర్శకులకు పాత గానుగలను చూపిస్తారు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ ధన్యవాదాలు. మీ సమాధానాలు చదివాక నా దగ్గరున్న ఖాళీ సీసాను మళ్లీ తీసి చూశాను. పెద్ద అక్షరాల కింద చిన్నగా గ్రాన్ మోపెర్తుయీ అని ఉంది, ఆ రోజు దాన్ని గమనించనే లేదు. పటంలో చూస్తే అది గ్రాండ్ ఎషెజోను ఆనుకున్న ఎగువ చెక్క. స్నేహితుల సీసా మీద చెక్క పేరేమీ లేకపోవడంతో ఆ రైతుకు ఉత్తరం రాశాను. తన వరుసలు రోడ్డు పక్కవేననీ, ఆ ఏడాది వానలు ఎక్కువగా పడ్డాయనీ ఆయన దాపరికం లేకుండా జవాబిచ్చారు, ఇంకా ఆరేడేళ్లు ఆగి తాగమని కూడా సలహా ఇచ్చారు. ఆయన దగ్గరే మరో సీసా కొని పక్కన పెట్టబోతున్నాను. ఏప్రిల్‌లో సెలవు దొరికితే కోట గుమ్మం నుంచి రోడ్డు దాకా గోడ వెంబడే నడిచి, మట్టి ఎక్కడ మారుతుందో నా కళ్లతో చూసి ఇక్కడే రాస్తాను.