వర్చువల్ మెషీన్‌ని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే బిల్లులు సెప్టెంబరు దగ్గరే ఆగిపోయాయి, ఎందుకు?

కాశీబుగ్గ లెక్కలు

నమస్కారం అండి. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసులో కంప్యూటర్ అంటే భయపడని మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని కూడా నా నెత్తినే పడింది.

మా మెషీన్ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ అయిపోయింది కదా, ఓనరు గారు ఇన్నాళ్లకి మనసు చేసుకుని విండోస్ 11 మెషీన్ కొన్నారు. పాతదాంట్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది, అందులో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే అలాంటి లోపలి కంప్యూటర్లు. ఒకటి విండోస్ 7. తూకం, బిల్లింగ్ ప్రోగ్రామ్ అందులోనే ఉంటుంది. రైతు తెచ్చిన జీడిపిక్కల బస్తా కాటా మీద పెడితే బరువు నేరుగా బిల్లులో పడుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు, కొత్త విండోస్‌లో అది లేవదు. రెండోది ఉబుంటు. కూలీల హాజరు, వారం జీతాలు, ఒక చిన్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్.

ఇదివరకు సిస్టమ్ చూసిన అబ్బాయి ఒక బ్యాచ్ ఫైల్ పెట్టి వెళ్లాడు. ప్రతి శనివారం రాత్రి విండోస్ 7 వీడీఐ ఫైల్‌ని, అంటే ఆ వర్చువల్ మెషీన్‌కి డిస్క్‌లా పనిచేసే ఫైల్‌ని, బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తుంది. ఎప్పుడూ ఎర్రర్ రాలేదు. ఆ కాపీని కొత్త మెషీన్‌లో పెట్టి, కొత్త వర్చువల్ మెషీన్ క్రియేట్ చేసి, ఈ వీడీఐని తగిలించాను. విండోస్ 7 చక్కగా లేచింది. ప్రోగ్రామ్ తెరిస్తే బిల్లులు పోయిన సెప్టెంబరు చివరి వారం దాకానే ఉన్నాయి. పైగా టైటిల్ పక్కన 'డెమో' అని వస్తోంది. పాత మెషీన్‌లో మాత్రం నిన్నటి బిల్లు వరకూ అన్నీ ఉన్నాయి. కాపీ పాడైందా? ఇంకో సంగతి, బయటి డిస్క్‌లో ఆ ఫైల్ తేదీ కూడా సెప్టెంబరే చూపిస్తోంది.

పాత మెషీన్ ఫ్యాన్ ఈమధ్య గరగరమంటోంది. టెన్షన్‌గా ఉంది. త్వరగా చెప్పండి.

ల్యాబ్ సార్, శ్రీకాకుళం

పాత మెషీన్‌లో ఆ వర్చువల్ మెషీన్‌ని షట్‌డౌన్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ కొట్టి ఓవీఏ (మెషీన్ మొత్తాన్ని మూటకట్టిన ఒకే ఫైల్) తీసుకోండి మేడం. కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేస్తే ఈరోజు వరకూ ఉన్న డేటా వచ్చేస్తుంది. వీడీఐ ఒక్కటీ కాపీ చేయడం పద్ధతి కాదు.

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

అమ్మా, కాపీ పాడవలేదు. మీరు ఫైల్ తేదీ చెప్పారు చూడండి, జబ్బేంటో అక్కడే దొరికిపోయింది. రోజూ బిల్లులు రాస్తున్న డిస్క్ తేదీ సెప్టెంబరు దగ్గర ఎందుకు ఆగిపోతుంది? ఆ ఫైల్‌లోకి అప్పటినుంచి ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు కాబట్టి.

వర్చువల్‌బాక్స్ తెరిచి, విండోస్ 7 పేరు పక్కన మెనూలో స్నాప్‌షాట్స్ నొక్కండి. ఒక స్నాప్‌షాట్, దాని కింద 'కరెంట్ స్టేట్' కనబడతాయి, రాసిచ్చేస్తాను. స్నాప్‌షాట్ అంటే మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడం, తేడా వస్తే మళ్లీ అక్కడికే వెళ్లొచ్చు. ఏ ప్రింటర్ డ్రైవరో ఎక్కించేముందు భద్రం కోసం తీసి, అలాగే వదిలేసి ఉంటారు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి వర్చువల్‌బాక్స్ అసలు వీడీఐని ముట్టుకోదు. కొత్తగా రాసేదంతా స్నాప్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో, పొడుగాటి నంబరు పేరున్న ఇంకో వీడీఐలోకి పోతుంది. మీరు లెక్కల మనిషి కాబట్టి మీ భాషలో చెప్తాను. సెప్టెంబరులో పాత చిట్టాకి గీత గీసి కొత్త పుస్తకం మొదలెట్టారు. బ్యాచ్ ఫైల్ మాత్రం ప్రతి శనివారం పాత పుస్తకాన్నే జిరాక్స్ తీస్తోంది. ఎర్రర్ ఎందుకొస్తుంది? చెప్పిన పని అది చేసింది.

స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. అది అదే డిస్క్‌లో ఉంటుంది, డిస్క్ పోతే దాంతో పాటే పోతుంది.

ఇక 'డెమో' సంగతి. అలాంటి పాత ప్రోగ్రాములు చాలావరకు లైసెన్స్‌ని నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ కార్డు గుర్తింపు నంబరుకి, కట్టేస్తాయి. మీరు కొత్త వర్చువల్ మెషీన్ క్రియేట్ చేశారు, దానికి కొత్త మ్యాక్ వచ్చింది. ప్రోగ్రామ్‌కి అది పరాయి కంప్యూటర్. కంపెనీ ఎత్తేశారంటున్నారు, మళ్లీ కీ ఎవరిస్తారు? అందుకే ల్యాబ్ సార్ చెప్పిన ఓవీఏ దారి మీకు వద్దంటాను. అందులో డేటా అంతా వస్తుంది, నిజమే. కానీ ఇంపోర్ట్‌లో మ్యాక్ పాలసీ అనే చిన్న పెట్టె ఉంటుంది. మామూలుగా వదిలేస్తే న్యాట్ అడాప్టర్ల (బయటి కంప్యూటర్ చాటున నెట్‌కి వెళ్లేవాటి) మ్యాక్‌లు మాత్రమే ఉంచుతుంది. మీది బ్రిడ్జ్‌డ్, అంటే నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌లో కలిసేది, అయితే మారిపోతుంది. 'అన్ని అడాప్టర్లవీ ఉంచు' అన్నది ఎంచుకున్నా, మెషీన్ యూయూఐడీ (మొత్తం మెషీన్ గుర్తింపు నంబరు) కొత్తది వస్తుంది. విండోస్ 7 మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ఇలా చేయండి. పాత మెషీన్‌లో రెండు వర్చువల్ మెషీన్లనీ లోపలి నుంచే షట్‌డౌన్ చేయండి. కిటికీ మూసేటప్పుడు 'సేవ్ స్టేట్' మాత్రం కొట్టొద్దు. సేవ్ చేసిన స్థితి వేరే ప్రాసెసర్ ఉన్న మెషీన్‌లో చాలాసార్లు లేవదు. తర్వాత ఒక్కొక్కదాని ఫోల్డర్ మొత్తం, అంటే వీబాక్స్ అనే చిన్న ఫైల్, వీడీఐ, స్నాప్‌షాట్స్ ఫోల్డర్ అన్నీ కలిపి బయటి డిస్క్‌లోకి తీసుకోండి. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. కొత్త మెషీన్‌లో వర్చువల్‌బాక్స్ పాతదాని వెర్షనే గానీ అంతకన్నా కొత్తది గానీ ఎక్కించి, ఫోల్డర్‌ని లోపలి డిస్క్‌లో పెట్టి, మెషీన్ మెనూలో యాడ్ కొట్టి ఆ వీబాక్స్ ఫైల్‌ని చూపించండి. క్రియేట్ కాదు, యాడ్. మ్యాక్, యూయూఐడీ, స్నాప్‌షాట్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

ముఖ్యంగా ఒకటి. పాత మెషీన్‌లో ఆ స్నాప్‌షాట్‌ని ఇప్పుడే డిలీట్ చేయొద్దు. డిలీట్ అంటే రెండు వీడీఐలని కలపడం. దానికి టైమ్ పడుతుంది, డిస్క్‌లో ఖాళీ కావాలి. మధ్యలో కరెంటు పోయిందో, గరగరమంటున్న ఆ మెషీన్ ఆగిపోయిందో, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ముందు కాపీ, తర్వాత కొత్తదాంట్లో పరీక్ష, ఆ తర్వాత కలపడం.

కాశీబుగ్గ లెక్కలు

మాస్టారూ, మీరన్నట్టే ఉంది! స్నాప్‌షాట్ పేరు 'బిఫోర్ ప్రింటర్'. స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో నిన్నటి తేదీతో పెద్ద ఫైల్ ఉంది. ఫోల్డర్ మొత్తం కలిపి 160 జీబీ అయ్యింది. కాపీ పెట్టాను, గంటన్నర అంటోంది. మామూలేనా?

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టారు. సెకనుకి 30 ఎంబీ చొప్పున 160 జీబీకి సరిగ్గా గంటన్నరే. లోపల నీలం రంగు ఉన్న పోర్టులో పెడితే, మామూలు హార్డ్ డిస్క్ అయినా సెకనుకి 100 దాకా లాగుతుంది, అరగంటలోపు అయిపోతుంది. మొదలెట్టేశారు కాబట్టి కదపకండి. ఈలోగా టీ తాగండి.

ల్యాబ్ సార్, శ్రీకాకుళం

మ్యాక్ సంగతి నేను ఆలోచించలేదు, మంచి పాయింట్. మా కాలేజీ సర్వర్‌లో వర్చువల్ మెషీన్లు నడపడానికి ప్రాక్స్‌మాక్స్ వాడతాం. అందులోనూ రీస్టోర్ చేసేటప్పుడు 'యునీక్' అని ఒక టిక్ ఉంటుంది. టిక్ పెడితే కొత్త మ్యాక్ ఇస్తుంది, తీసేస్తే పాతదే ఉంచుతుంది. పోయిన మెషీన్‌ని తిరిగి తెచ్చుకునేటప్పుడు పెట్టకూడదు, పక్కన ఇంకో కాపీ నడపాలంటే పెట్టాలి.

మేడం, విండోస్ 10 డిస్క్ మొత్తం కూడా ఒకసారి క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ (డిస్క్ మొత్తానికీ అచ్చు నకలు) తీసి పెట్టుకోకూడదా? డెస్క్‌టాప్ మీద ఏముందో, బ్రౌజర్‌లో ఏ పాస్‌వర్డ్‌లున్నాయో తర్వాత గుర్తు రాదు.

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

దానికి నేనూ ఓటేస్తాను. కాకపోతే ఆ ఇమేజ్‌ని కొత్త మెషీన్ మీద దించొద్దు. పాత డ్రైవర్లు, సపోర్ట్ అయిపోయిన విండోస్ అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఎప్పుడైనా ఏదైనా వెతుక్కోవడానికి దాచుకోండి, అంతే.

విండోస్ నడుస్తుండగా ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వీమ్ ఏజెంట్ ఉచితంగానే వస్తుంది. అవి విండోస్‌ని వీఎస్‌ఎస్ అనే దాని సొంత ఏర్పాటుతో ఒక క్షణం నిలబెట్టి ఫొటో తీస్తాయి. వర్చువల్ మెషీన్లు నడపడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే హైపర్-వీ అయితే ఆ సైగ వర్చువల్ మెషీన్ లోపలికీ అందుతుంది. వర్చువల్‌బాక్స్‌కి ఆ ఏర్పాటు లేదు. అది నడుస్తుండగా ఇమేజ్ తీస్తే, లోపలి విండోస్ 7కి ఆ కాపీ హఠాత్తుగా కరెంటు పోయిన డిస్క్ లాంటిదే. చాలాసార్లు లేస్తుంది. సగం రాసిన బిల్లు ఫైల్ ఉంటే మాత్రం దేవుడే దిక్కు. కాబట్టి వర్చువల్ మెషీన్లు ఆపాకే ఇమేజ్.

కాశీబుగ్గ లెక్కలు

అయిపోయింది మాస్టారూ. కొత్తదాంట్లో యాడ్ కొట్టాను. ఉబుంటు వెంటనే లేచింది, హాజరు పేజీ తెరుచుకుంది. విండోస్ 7 మాత్రం స్టార్ట్ కొడితే 'కామ్3' తెరవలేకపోయాను అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. కాటా కేబుల్ పెట్టే ఉంది.

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ కదా? కొత్త విండోస్ దానికి వేరే కామ్ నంబరు, అంటే పోర్టు నంబరు, ఇచ్చి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద చూడండి, కామ్5 అనో కామ్6 అనో ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబరు 3కి మార్చేయండి. వర్చువల్‌బాక్స్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు.

లేచాక కిటికీ కింద కుడివైపు ఒక ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడుతుందేమో చూడండి. కనబడితే విండోస్ 11 సొంత హైపర్-వీ మీద వర్చువల్‌బాక్స్ నడుస్తోందని అర్థం, నెమ్మదిగా ఉంటుంది. బిల్లులకి ఆ స్పీడు సరిపోతే వదిలేయండి. దాన్ని తీయాలంటే కోర్ ఐసొలేషన్ లాంటి భద్రత సెట్టింగులు ఆపాలి. బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్ మీద నేనైతే ఆ పని చేయను.

కాశీబుగ్గ లెక్కలు

నంబరు మార్చాను. లేచింది! నిన్నటి బిల్లు ఉంది, 'డెమో' పోయింది, కాటా మీద 80 కేజీల బస్తా పెడితే బరువు వచ్చింది. తాబేలు ఉంది, పర్వాలేదు, మా విండోస్ 7 మొదటినుంచీ తాబేలే.

ఇకముందు రోజూ 160 జీబీ కాపీ చేయాలా? ఆ బ్యాచ్ ఫైల్‌ని ఏం చేయమంటారు?

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

తీసి పారేయండి. ఒక్క బిల్లు రాస్తే వీడీఐ మొత్తం మారినట్టే లెక్క, ఆ ఒక్క బిల్లు కోసం మొత్తం మళ్లీ కాపీ అవుతుంది. రోజూ కావాల్సింది ప్రోగ్రామ్ డేటా ఫోల్డరే. సాయంత్రం బిల్లింగ్ మూసేశాక, విండోస్ 7 లోపలి నుంచే ఆ ఫోల్డర్‌ని జిప్ చేసి, తేదీ పేరుతో షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ డంప్‌ని (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి తీయడం) క్రాన్‌లో, అంటే చెప్పిన టైమ్‌కి పని నడిపే ఏర్పాటులో, పెడితే అదే చూసుకుంటుంది. ఫైళ్లు కొన్ని ఎంబీలే ఉంటాయి, పెన్ డ్రైవ్‌లో పట్టేస్తాయి.

మెషీన్ ఫోల్డర్లు మొత్తం వారానికోసారి, ఆపాకే కాపీ చేయండి. ఇప్పుడు అంతా బాగుంది కాబట్టి ఆ స్నాప్‌షాట్ డిలీట్ చేసి కలిపేయండి. ఇకమీద ఎవరు తీసినా పని అయిన రోజే తీసేయమనండి.

బయటి డిస్కులు రెండు కొనండి. కాపీ అయ్యాక కేబుల్ పీకేయాలి. తగిలించి వదిలేస్తే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాన్నీ తినేస్తుంది. రెండింట్లో ఒకటి మీ ఊళ్లో ఉండకూడదు. తిత్లీ తుఫాను తీరం దాటింది మీ పలాస దగ్గరే కదమ్మా, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. ఆ తర్వాత కరెంటు కోసం మీరు ఎన్నాళ్లు చూశారో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి అంటే ఒకే గాలివానకి రెండూ తడుస్తాయి. విశాఖలోనో విజయనగరంలోనో చుట్టాల ఇల్లు ఉంటే నెలకోసారి అక్కడికి మార్చండి.

కొత్త విండోస్ 11 మెషీన్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలావాటిలో డ్రైవ్‌ని తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి. అలా అయితే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. ఏ అకౌంట్‌లో ఉందో చూసి, కాగితం మీద రాసి ఓనరు గారి బీరువాలో పెట్టించండి. మదర్‌బోర్డు మార్చిన రోజు అదే అడుగుతుంది.

కాశీబుగ్గ లెక్కలు

మా పిన్ని వాళ్లు విజయనగరం కంటోన్మెంట్‌లోనే ఉంటారు, డిస్క్ అక్కడికి పంపేస్తాను. పాత మెషీన్‌ని ఫార్మాట్ చేసి ఓనరు గారి అబ్బాయికి ఇవ్వమంటున్నారు. ఇచ్చేయనా?

మూడు లాంతర్ల సర్వీసు, విజయనగరం

అప్పుడే వద్దు. నెట్ కేబుల్ తీసేసి మూల పెట్టండి. ఒకే మ్యాక్‌తో రెండు మెషీన్లు ఒకే నెట్‌వర్క్‌లో లేస్తే కొట్టుకుంటాయి, పొరపాటున ఎవరైనా పాతదాంట్లో బిల్లు కొడితే లెక్కలు రెండుగా చీలిపోతాయి. 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్ కొత్తదాంట్లోంచి తీసిన లెక్కలతో వేయండి. అవి సరిపోయాక అబ్బాయికి ఇవ్వచ్చు. ఆ ఫ్యాన్ మాత్రం మార్పించి ఇవ్వండి.