లాంప్ లేకుండా ఇంట్లో జెల్ పాలిష్ వేసుకోవచ్చా? ఎండలో పెడితే గట్టిపడుతుందా?

కాలవగట్టు_పిల్ల:
అందరికీ నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వచ్చే ఆదివారం మా అక్క నిశ్చితార్థం, రావులపాలెంలో హాల్ తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ కూతురు తన దగ్గరున్న మెరూన్ జెల్ పాలిష్ సీసా, దాని టాప్ కోట్ అక్కకి ఇచ్చి వెళ్లింది. లాంప్ మాత్రం తనకి కావాలని పట్టుకెళ్లిపోయింది. పార్లర్‌కి వెళ్దామంటే ఇంటినిండా చుట్టాలు, పిండివంటలు, ఈ వారం అక్కని గడప దాటనివ్వనని అమ్మ గట్టిగా చెప్పేసింది. యూట్యూబ్‌లో చూస్తే ఒకరు ఎండలో పెట్టమంటారు, ఒకరు ఐస్ నీళ్లలో వేళ్లు ముంచమంటారు, ఇంకొకరు హెయిర్ డ్రయ్యర్ అంటారు. మా బాబాయి కొట్లో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంది, దాంతో పని అవుతుందా? ఇక్కడ ఎండకి లోటేమీ లేదు, డాబా మీద పావుగంట కూర్చుంటే చాలా? నిశ్చితార్థం అయ్యాక కూడా వాళ్లవైపు వాళ్లు భోజనాలకి పిలిచారు, కాబట్టి నాలుగైదు రోజులు పెచ్చులూడకుండా ఉండాలి. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

పార్లర్_అక్క_భీమవరం:
ముందు ఒక్కటి చెప్తాను అమ్మా, ఆ సీసా మూత తీయొద్దు.

మామూలు నెయిల్ పాలిష్, జెల్ పాలిష్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ గట్టిపడే పద్ధతి పూర్తిగా వేరు. మామూలు పాలిష్‌లో ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు ఉంటాయి, అవి గాల్లోకి ఆవిరైపోతే రంగు పొర మిగులుతుంది, అంటే అది నిజంగానే ఆరుతుంది. జెల్ ఆరదు. ఎన్ని గంటలు ఫ్యాన్ కింద కూర్చున్నా పచ్చిగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఆవిరవ్వాల్సింది దాదాపు ఏమీ ఉండదు. దాంట్లో ఉండేవి అక్రిలేట్లు, మెథాక్రిలేట్లు, వాటితోపాటు కాంతి తగిలితే పనిచేయడం మొదలెట్టే పదార్థం ఒకటి. లాంప్ నుంచి సరైన కాంతి పడినప్పుడు ఆ చిన్న చిన్న అణువులన్నీ ఒకదానితో ఒకటి గొలుసుల్లా కలిసిపోయి గట్టి ప్లాస్టిక్ అవుతాయి. ఇప్పటి ఎల్‌ఈడీ లాంపులు ఎక్కువగా 365, 405 నానోమీటర్ల దగ్గర కాంతినిస్తాయి, ఆ కొలతకి తగ్గట్టే జెల్ తయారు చేస్తారు.

ఈ సంగతి తెలిస్తే మీరు అడిగినవన్నీ తేలిపోతాయి. ఐస్ నీళ్లు మామూలు పాలిష్ పైపొరని కాస్త బిగిస్తాయేమో గానీ జెల్‌కి చల్లదనంతో పనే లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా అంతే. బాబాయిగారి కొట్లో లైటు యూవీ కాంతే ఇస్తుంది కానీ అది నోటు మీద గుర్తు కనిపించడానికి పెట్టింది, దాని బలం చాలదు, పైగా వెలుతురు ఒకచోటే పడుతుంది.

ఎండ సంగతి కాస్త చిక్కు. ఎండలో యూవీ ఉంది కాబట్టి జెల్ ఎంతో కొంత గట్టిపడుతుంది, అందుకే యూట్యూబ్‌లో చూపించేది నిజంలా కనిపిస్తుంది. కానీ గోరు వంపు తిరిగి ఉంటుంది, పక్కలకి ఎండ సరిగా పడదు, మబ్బు పడితే ఒకలా పొద్దెక్కితే ఒకలా ఉంటుంది. మీది మెరూన్ అంటున్నారు, ముదురు రంగు కాంతిని లోపలికి పోనివ్వదు. చివరికి గారె పైన ఎర్రగా వేగి లోపల పిండి మిగిలినట్టు, పైన గట్టిగా అడుగున పచ్చిగా ఉండిపోతుంది. అలా ఉన్నది వారం నిలవదు. పీటల మీద కూర్చున్నప్పుడే ఒక మూల లేచిపోయినా ఆశ్చర్యం లేదు.

డాబా_ఎండ:
అక్కా మీరు మరీ భయపెడుతున్నారు. మా చెల్లి తణుకులో హాస్టల్లో ఉంటుంది, వాళ్ల గదిలో అమ్మాయిలందరూ ఎండలోనే పెట్టుకుంటారు, ఎవరికీ ఏమీ కాలేదు. పైన గోకితే గట్టిగానే ఉంటుంది మరి.

పార్లర్_అక్క_భీమవరం:
వాళ్లు వాడేది అసలు జెల్లో కాదో ముందు చూడాలండి. సీసా మీద 'జెల్ ఎఫెక్ట్', 'జెల్ ఫినిష్', 'జెల్ షైన్' అని రాసి ఉండేవి మామూలు పాలిష్‌లే, మెరుపు కోసం ఆ పేరు పెట్టారు, వాటికి లాంప్ అక్కర్లేదు, గాలికే ఆరతాయి. అసలు జెల్ సీసా వెలుతురు లోపలికి పోకుండా నల్లగానో, రంగు పూసో ఉంటుంది, లోపలిది కనిపించదు. యూవీ లేదా ఎల్‌ఈడీ లాంప్ కింద ఇన్ని సెకన్లు పెట్టాలని దాని మీద రాసి ఉంటుంది. గోకి చూడటం పరీక్ష కాదు, పైన గట్టిగా ఉన్నా అడుగు సంగతి గోటికి తెలియదు.

మందులకొట్టు:
నేను అమలాపురంలో ఫార్మసిస్టుని. పెచ్చులూడితే మళ్లీ వేసుకోవచ్చు, అది చిన్న విషయం. అసలు భయపడాల్సింది ఎలర్జీకి. పచ్చిగా మిగిలిన జెల్‌లో హెమా అనే మెథాక్రిలేట్ ఉండొచ్చు, చాలా జెల్ పాలిష్‌ల్లో ఉంటుంది. పూర్తిగా గట్టిపడితే అది గొలుసులో కలిసిపోతుంది, పచ్చిగా ఉన్నంతసేపు చర్మంలోకి ఇంకుతుంది. మొదటిసారి ఏమీ కాదు, రెండోసారీ కాకపోవచ్చు, అందుకే 'మా హాస్టల్లో ఎవరికీ ఏమీ కాలేదు' అన్నమాట నాకు ధైర్యం ఇవ్వదు. శరీరం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే ఇక తగిలిన ప్రతిసారీ గోటి చుట్టూ దురద, ఎరుపు, నీటిపొక్కులు, గోరు కిందినుంచి లేచిపోవడం. ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటాం, మెడ తడుముకుంటాం కాబట్టి కనురెప్పల మీద, మెడ మీద కూడా దద్దుర్లు రావచ్చు, అవి గోళ్ల రంగు వల్ల వచ్చాయని ఎవరికీ తట్టదు.

ఈ ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్లలో సిమెంటు పెట్టేటప్పుడు, మోకీలు మార్పిడి ఆపరేషన్‌లో వాడే బోన్ సిమెంటులో ఇదే కుటుంబం పదార్థాలు ఉంటాయి, అంటే ఇప్పటి గోళ్ల సరదా ఇరవై ఏళ్ల తర్వాత పంటి డాక్టరు దగ్గర అడ్డుపడొచ్చు. 2018లోనే బ్రిటన్ చర్మవైద్యుల సంఘం, ఇంట్లో వేసుకునే కిట్ల గురించి ముఖ్యంగా, ఈ హెచ్చరిక చేసింది. యూరప్‌లో హెమా ఉన్న నెయిల్ ఉత్పత్తుల మీద వృత్తిగా చేసేవాళ్లే వాడాలని రాయాల్సిందే. కాంతికి స్పందించే పదార్థాల్లో ఒకటైన టీపీఓని అక్కడ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు. మన దగ్గర ఆన్‌లైన్లో చవగ్గా వచ్చే సీసాల మీద చాలాసార్లు పదార్థాల జాబితా కూడా ఉండదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

కాబట్టి అమ్మా, మీ అక్కకి ఇది వద్దు. ఇంకో మాట, ఇప్పటికే ఒక వేలికి వేసి చూసి ఉంటే చేత్తో గోకొద్దు. దూదికి రిమూవర్ తడిపి, చర్మానికి అంటకుండా గోటి మధ్య నుంచి అంచుకి తుడవండి. రబ్బరు గ్లవుజులు ఉన్నాయి కదా అని ధీమా వద్దు, పల్చటి లేటెక్స్ గుండా ఈ పదార్థం నిమిషాల్లో దాటేస్తుంది.

కాలవగట్టు_పిల్ల:
అయ్యబాబోయ్, ఇంత ఉందా! ఇంకా మూత తీయలేదండి. సీసా నల్లగానే ఉంది, వెనక చిన్న అక్షరాల్లో ఎల్‌ఈడీ 60 సెకన్లు అని ఉంది, అంటే అసలు జెల్లే. మరి లాంప్ కొనేస్తే? యూఎస్‌బీతో నడిచే చిన్నవి ఆన్‌లైన్లో కనిపిస్తున్నాయి, కరెంటు పోయినా పవర్‌బ్యాంక్‌కి పెట్టుకోవచ్చు కదా. అది కుదరకపోతే వేరే ఏం చేయాలి?

పార్లర్_అక్క_భీమవరం:
కొనొచ్చు గానీ ఈ ఆదివారానికి మాత్రం నేను ఒప్పుకోను. ఒక వేలికి సరిపోయే బుల్లి లైట్లు బలహీనంగా ఉంటాయి, అవి కూడా ఎండలాగే సగం పని చేసి వదిలేస్తాయి. జెల్ కంపెనీ ఏ లాంప్ చెప్తే అదే వాడాలి. పైగా పల్చగా వేయడం, చర్మానికి అంటకుండా గోటి అంచుల దగ్గర ఆపడం చేతికి అలవాటు కావాలి, అక్క నిశ్చితార్థానికి మొదటి ప్రయోగం ఎందుకు. లాంప్ అక్కర్లేని జెల్‌లాంటి పాలిష్‌లు ఉన్నాయి, సాలీ హాన్సెన్ మిరాకిల్ జెల్ అలాంటిదే, రంగు వేసి దాని జోడీ టాప్ కోట్ వేయాలి, మామూలు వెలుతురు చాలు. అది దొరక్కపోతే పాలకొల్లు ఫ్యాన్సీ షాపులో మంచి మెరూన్ పాలిష్, బేస్ కోట్, టాప్ కోట్ కొనుక్కోండి.

లేసు_సూది:
మాది నరసాపురం వైపు, లేసు అల్లుతాను. రోజంతా క్రోషియా సూది, దారం చేతిలోనే ఉంటాయి, పాలిష్ కాస్త లేచినా దారం దానికి చిక్కుకుని పీకేస్తుంది. అందుకని మామూలు పాలిష్‌ని ఎలా నిలబెట్టాలో నాకు బాగా తెలుసు, చెప్తాను వినమ్మా.

పాలిష్ నిలవకపోవడానికి మన ఇళ్లలో మొదటి కారణం కొబ్బరినూనె. తలకి రాసుకుంటాం, చేతులకి రాసుకుంటాం, ఆ జిడ్డు గోటి మీద ఉంటే ఏ పాలిషూ పట్టదు. వేసే ముందు సబ్బుతో చేతులు కడిగి, బాగా ఆరనిచ్చి, దూదితో రిమూవర్ తీసుకుని ప్రతి గోరూ తుడవాలి. నానబెట్టొద్దు. గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మళ్లీ ఆరి దగ్గరికొచ్చేటప్పుడు పైనున్న పొర పగులుతుంది, అందుకే గిన్నెలు తోమిన వెంటనే పాలిష్ వేసుకోకూడదు.

బేస్ కోట్ ఒకటి, రంగు రెండుసార్లు, టాప్ కోట్ ఒకటి, అన్నీ పల్చగా. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరినట్టుంటుంది, లోపల ద్రావకం బయటికి రాలేక మెత్తగా ఉండిపోతుంది, పడుకుని లేచేసరికి దుప్పటి నేత గుర్తులు పడతాయి. ఒక్కో పొరకీ మధ్య పది నిమిషాలు ఆగాలి. బ్రష్‌ని గోటి చివర అంచుకి కూడా అడ్డంగా ఒకసారి పూయాలి, పెచ్చు లేచేది అక్కడి నుంచే, చాలామంది వదిలేసేదీ దాన్నే. వాన పడుతున్నప్పుడు, ఉక్కపోతగా ఉన్నప్పుడు పాలిష్ మీద గాల్లో తేమ చేరి రంగు తెల్లగా మసకబారుతుంది, కాబట్టి తేమ తక్కువున్న వేళ చూసి, పొడిగా ఉన్న గదిలో ఫ్యాన్ నెమ్మదిగా పెట్టుకుని వేయండి. ఆదివారం ఫంక్షన్ అయితే శనివారం మధ్యాహ్నమే వేసేయండి, పూర్తిగా బిగియడానికి రాత్రంతా పట్టొచ్చు. తర్వాత రెండు రోజులకోసారి పైన ఒక పల్చని టాప్ కోట్ వేస్తే భోజనాల దాకా నిలుస్తుంది. అక్కతో ఆ వారం అంట్లు తోమించకండి, ఎలాగూ తోమనివ్వరనుకోండి.

రిమూవర్ సీసా పొయ్యి దగ్గరా దేవుడి దీపం దగ్గరా తెరవొద్దు, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లో పిండివంటలు అంటున్నారు కాబట్టి చెప్తున్నా.

కోనసీమ_పెద్దమ్మ:
ఇవన్నీ బానే ఉన్నాయి గానీ ఇంటి పెరట్లో గోరింటాకు చెట్టు ఉంటే చూడండమ్మా. ఆషాఢంలో పెట్టుకున్నట్టు రుబ్బి గోళ్లకి పెడితే ఎర్రగా పండుతుంది, పెచ్చు అనేదే ఉండదు, ఆ రంగు గోటితోపాటు పెరుగుతూ ముందుకి జరుగుతుంది. చేతి గోరు నెలకి మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి నెలల తరబడి ఉంటుంది. తెల్లారేసరికి నల్లగా పండుతుందని అమ్మే కోన్ మాత్రం కొనొద్దు, ఆ నలుపు కోసం జుట్టు రంగులో వాడే రసాయనం కలుపుతుంటారు, మా వీధిలో అమ్మాయికి చేతి మీద బొబ్బలొచ్చాయి.

కాలవగట్టు_పిల్ల:
ఆయ్, గోరింటాకు పెరట్లోనే ఉందండి! అక్కని అడిగితే దానికి మాత్రం మెరూనే కావాలంట, చీర అంచు ఆ రంగే. రేపు పొద్దున్న నాన్నని పాలకొల్లు పంపి బేస్ కోట్, మెరూన్, టాప్ కోట్ తెప్పిస్తాను, లేసు అక్క చెప్పినట్టు శనివారం మధ్యాహ్నం వేస్తాను. గోరింటాకు నేను పెట్టుకుంటా. అందరికీ చాలా థ్యాంక్స్. మరి ఈ జెల్ సీసా ఏం చేయను? పారేయాలంటే మనసొప్పట్లేదు, కొత్తది.

మందులకొట్టు:
పారేయక్కర్లేదు. మూత బిగించి, ఎండ తగలని బీరువాలో, చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి. మీ పెద్దమ్మ కూతురు ఈసారి వచ్చినప్పుడు లాంప్‌తో సహా తెచ్చుకుంటే తనే వాడుకుంటుంది. ఎప్పుడైనా పారేయాల్సి వస్తే మాత్రం తూములోనో కాలవలోనో ఒంపొద్దు, మన కాలవల్లో ఇప్పటికే పడుతున్నవి చాలు. అట్టముక్క మీద పల్చగా పూసి, చేతికి అంటకుండా ఎండలో వదిలేయండి, బాగా గట్టిపడ్డాక చెత్తలో వేయండి.