డబ్బులు తీసుకుని మోడల్ చేసివ్వడం ఇదే మొదటిసారి, లెక్క ఎలా వేయాలి?

సగం_స్ప్రూ:
ఏడేళ్లుగా సరదాకి ప్లాస్టిక్ మోడల్ కిట్లు (ముక్కలు అతికించి రంగులేసేవి) చేస్తున్నాను, ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన నా షెల్ఫ్ ఫొటోలు చూసి 1/48 సైజులో (అసలు దానిలో 48వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చేసిపెట్టమన్నారు. కిట్ ఆయనదే, ఎప్పుడో మొదలుపెట్టి వదిలేశారట, రెక్కలు అతికించేసి ఉన్నాయి. "సగం పని అయిపోయింది కదా, తక్కువలో చేసెయ్" అంటున్నారు. గంటలకి ఇంత అని అడిగితే మనిషి మళ్లీ కనపడరు, తక్కువ చెబితే నా రాత్రులన్నీ దానికే పోతాయి. ఎలా లెక్కేస్తారు మీరంతా? ముందే రాసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జిగురువేళ్లు:
సగం చేసిన కిట్ అంటే ఒకటిన్నర పని తమ్ముడూ. ప్లాస్టిక్ సిమెంట్ వాడి ఉంటే అది ప్లాస్టిక్‌నే కరిగించి కలిపేస్తుంది, ఇక విడదీయడమంటే రంపంతో కోయడమే. రెక్క వంకరగా అతికి ఉంటే ఎంత పుట్టీ పెట్టినా ఎదురుగా నిలబడి చూసేవాడికి తెలిసిపోతుంది. డెకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తులు) పాతబడితే పసుపెక్కుతాయి, నీళ్లలో వేయగానే ముక్కలైపోయేవీ ఉంటాయి, అందుకే అక్కర్లేని డెకాల్ ఒకటి ముందు తడిపి చూడు. నేనైతే కొత్త కిట్ కొనివ్వమంటాను, పాతది స్పేర్ పార్ట్స్‌కి పనికొస్తుంది.

లెక్క సంగతికొస్తే, ముందు నీ సొంత మోడల్ ఒకటి చేస్తూ గంటలు రాసుకో. శాండింగ్, మాస్కింగ్, ఎయిర్‌బ్రష్ కడగడం అన్నీ కలిపి. నాకు ఒక్క ఇంజిన్ విమానం 1/48లో 40 గంటల దగ్గర తేలింది, రంగు ఆరే సమయం కాకుండానే. నేను 20 అనుకుని ధర చెప్పి దెబ్బతిన్నాను. కిట్, డెకాల్స్, రంగుల ఖర్చు విడిగా ముందే తీసుకో, పని డబ్బులో సగం అడ్వాన్సు, మిగతాది పూర్తయిన ఫొటోలు చూశాక, పార్సిల్ కట్టకముందు.

ఇంకోటి, "1/24లో చేస్తే ధర డబులేనా" అని అడుగుతారు. పొడవు డబులైతే రంగు వేయాల్సిన చోటు నాలుగింతలవుతుంది, కాక్‌పిట్‌లో కనపడే వివరాలు ఇంకా పెరుగుతాయి.

మాస్కింగ్_టేప్:
గంటల లెక్క సరే కానీ, అసలు గొడవ వచ్చేది ఏ విమానం అన్న దగ్గర. నాకూ స్పిట్‌ఫైరే. మార్క్ 5 (స్పిట్‌ఫైర్‌లో ఒక రకం) కిట్ ఇచ్చి చేయమన్నారు, చేశాను. మెరుపు తగ్గించే చివరి మ్యాట్ కోటు కూడా కొట్టాక ఫొటో పంపితే "నా దగ్గరున్న బొమ్మలో ప్రొపెల్లర్‌కి నాలుగు బ్లేడ్లు, దీనికి మూడే ఉన్నాయేంటి" అన్నారు. ఆయన బొమ్మలో ఉన్నది మార్క్ 9. ప్రొపెల్లర్ మార్చేస్తే పోయేది కాదది, మార్క్ 9కి రెక్కల కింద రెండు వైపులా సమానంగా రేడియేటర్లుంటాయి, ఎగ్జాస్ట్‌లు వేరు, ముక్కు పొడవు వేరు. ఆ బొమ్మ నేను మొదటిరోజే అడిగి తీసుకోవాల్సింది, తప్పు నాదే. ఆ మోడల్ ఇప్పటికీ నా షెల్ఫ్ మీదే ఉంది.

అందుకే ఇప్పుడు ఏ మార్క్, తోక దగ్గర ఏ సీరియల్ నంబరు, కొత్తగానా వాడి మాసినట్టా, చక్రాలు దించి ఉండాలా ఎత్తి ఉండాలా, ఇవన్నీ మెసేజ్‌లో రాసి వాళ్ల చేత "సరే" అనిపించుకున్నాకే స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) కోస్తాను. ప్రైమర్ పడ్డాక మార్పు అడిగితే విడిగా డబ్బు, అదీ రాసేస్తాను.

పాత_పుట్టీ:
నేను రెండేళ్లు చేసి మానేశాను. సొంతానికైతే విసుగొచ్చినప్పుడు పక్కన పెట్టొచ్చు, ఇక్కడ మనవడి పుట్టినరోజుకి కావాలంటారు, ఎనామెల్ రంగు సరిగ్గా ఆరకముందే పైన కోటు కొడతాం, అది ముడతలు పడుతుంది, మళ్లీ మొదటికి. తేదీ చెప్పాల్సి వస్తే నీ అంచనాకి రెట్టింపు చెప్పు. పార్సిల్లో విమానం చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టకు, యాంటెన్నా ముందు విరిగేది అక్కడే. చక్రాల దగ్గర, రెక్కల మొదట్లో ఫోమ్‌తో పట్టించి మిగతాది గాల్లో వదిలెయ్.

సగం_స్ప్రూ:
అందరికీ థాంక్స్. ఇందాకే ఫోన్ చేసి ఏ మార్క్ కావాలండీ అని అడిగాను. "పచ్చగా ఉంటుంది చూడు, అది" అన్నారు. ఫొటో పంపమన్నాను, అది వచ్చేదాకా ధర మాట ఎత్తను.