అప్‌డేట్: జిమ్మీకి ఎండదెబ్బ కాదు, టిక్ ఫీవర్

మా కుక్క జిమ్మీ తిండి మానేసింది, ముక్కులోంచి రక్తం కారుతోంది, ఎండదెబ్బేనా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. కాదండీ. గోమార్ల వల్ల వచ్చే జ్వరం.

డాక్టరుగారు ముందు పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు, తెల్లగా పాలిపోయున్నాయి. పొట్ట కింద సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. అవి నా కంటికి అసలు ఆనలేదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) 38 వేలే. కుక్కలకి సుమారు 2 లక్షల పైనే ఉండాలట. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా, గోమారి కుట్టినప్పుడు ఒంట్లోకి చేరుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజుల కోర్సు రాశారు. ఖాళీ కడుపున వద్దు, పాలు పెరుగుతో అసలే వద్దు, మందు సరిగ్గా ఒంటబట్టదన్నారు. చికెన్ అన్నంలో పెడితే మాత్ర పక్కకి తీసి మిగతాది నాకేస్తోంది, దొంగ!

నా పాత పోస్టు చూసి పారాసెటమాల్ సగం మాత్ర వెయ్యమన్నవాళ్లకి: మంచికే చెప్పారు గానీ, వెయ్యకండి. కుక్కల కాలేయం దెబ్బతింటుంది, పిల్లికైతే ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు.

ఇక ఇల్లు. ఈ గోమార్లు కుక్క ఒంటిమీదకన్నా గోడ పగుళ్లలోనే ఎక్కువ కాలం గడుపుతాయట. ఓనర్‌ని బతిమాలి సిమెంటు పూయించాం, మందు కొట్టించాం. మెడ వెనక వేసే చుక్కలమందు ఇకపై నెలనెలా.

రక్తం ఆగింది, గిన్నె ఖాళీ చేస్తోంది. కోర్సయ్యాక మళ్లీ రక్తపరీక్ష, అప్పుడే బాకీ ఉన్న రేబిస్ టీకా కూడా.