మోకాలు మెలిక పడితే మొదట ఐసా, కాపడమా?

గుంటూరు నాన్న:
నిన్న సాయంత్రం కబడ్డీ ఆడుతుంటే మా వాడికి (16 ఏళ్లు) మోకాలు మెలిక పడింది. రాత్రి బాగానే ఉంది, పొద్దున లేచేసరికి కాస్త వాచింది. కుంటుతూ నడుస్తున్నాడు. మా అమ్మ ఆముదం రాసి తోమి కాపడం పెడదామంటోంది. పక్కింటాయన ఐస్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పల్లె వైద్యం:
అమ్మగారి మాటే వినండి. బెణికితే ఉప్పు కాపడం, చింతపండు పట్టు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఇదే. చల్లటిది పెడితే నరం పట్టేస్తుంది.

ఫిజియో, విజయవాడ:
కాపడానికి నేను వ్యతిరేకిని కాదండి. పెద్దవాళ్ల అరుగుదల నొప్పికి హాయిగా ఉంటుంది. కానీ దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వేడీ వద్దు, తోమడమూ వద్దు, వాపు పెరుగుతుంది. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద కాదు. క్రేప్ బ్యాండేజ్ చుట్టండి. పాదం తిమ్మిరెక్కితే వదులు చేయండి.

రన్నర్, హైదరాబాద్:
ఐస్ కూడా పాత మాటే. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే 'రైస్' సూత్రానికి 1978లో ఆ పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కిన్ గారే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత రాశారు. 2019లో వచ్చిన 'పీస్ అండ్ లవ్' పద్ధతిలో ఐస్ ఊసే లేదు. కట్టు కట్టి, ఓర్చుకోగలిగినంత మేర కదిలించాలి.

ఫిజియో, విజయవాడ:
కదిలించాలన్నది నిజం. రోజుల తరబడి మంచం దిగకపోతే తొడ కండరం సన్నబడుతుంది. అయితే నొప్పి తగ్గడానికి ఐస్ కాసేపు పెట్టుకోవచ్చని మిర్కిన్ గారూ అన్నారు. నేను చెప్పేదీ అందుకే.

నా భయం వేరే. ఇది అసలు ఇంట్లో చూసుకునే దెబ్బేనా? బరువు మోపి నాలుగు అడుగులు వేయగలడా? 90 డిగ్రీలు మడవగలడా? మోకాలి చిప్ప మీద, బయటి పక్క కాస్త కింద తగిలే ఎముక గుబ్బ మీద నొక్కితే నొప్పా? ఎక్స్‌రే కావాలా వద్దా అని డాక్టర్లు చూసే ఒట్టావా నియమాల్లోవే ఇవి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. 'టప్'మని శబ్దం వచ్చి, గంట రెండు గంటల్లోనే బాగా వాచితే లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగి ఉండొచ్చు. మీవాడికి వాపు నిదానంగా వచ్చింది, అది కొంత నయం. కాలు పూర్తిగా చాపగలడా?

గుంటూరు నాన్న:
నడుస్తున్నాడు, మడుస్తున్నాడు, ఎముక మీద నొప్పి లేదు. లోపలి పక్క కీలు దగ్గర మాత్రం ముట్టుకోనివ్వడు. పూర్తిగా చాపలేకపోతున్నాడు, ఏదో అడ్డం పడుతోందంటున్నాడు.

పల్లె వైద్యం:
మడమ పట్టుకుని ఒక్కసారి గట్టిగా లాగండి, సర్దుకుంటుంది.

ఫిజియో, విజయవాడ:
దయచేసి లాగొద్దు. కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ అనే మృదులాస్థి చిరిగి, ఆ ముక్క ఇరుక్కుంటే ఇలాగే అడ్డం పడుతుంది. లాగితే చిరుగు పెరగొచ్చు. వట్టి వాపు వల్ల కూడా చాపలేకపోవచ్చు, కానీ అది పరీక్ష చేస్తేగానీ తేలదు. రేపే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

రన్నర్, హైదరాబాద్:
అడ్డం పడుతోందంటే కదిలించమని నేనూ అనను. డాక్టర్ చూసేదాకా వాడిని గ్రౌండ్‌కు పంపకండి.