స్లీవ్ (బరువు తగ్గడానికి పొట్ట కోసి సన్న గొట్టంలా చేసే ఆపరేషన్) అయ్యి ఏడేళ్ళు. బరువూ తిరిగొచ్చింది, గుండెల్లో మంటా మొదలైంది. రెండోసారి చేయించుకున్నవాళ్ళు చెప్పండి

గోదావరి_టీచర్:
అందరికీ నమస్కారం. 2018లో హైదరాబాద్‌లో స్లీవ్ చేయించుకున్నా. అప్పుడు 121 కేజీలు, ఏడాదిన్నరకి 78కి దిగాను. కరోనా సెలవుల్లో ఎక్కడం మొదలైంది, ఇప్పుడు 103. బరువు సంగతి అలా ఉంచండి, రాత్రి మంట చంపేస్తోంది. మూడు తలగడలు పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంటున్నా. నిద్రలో పుల్లటి నీళ్ళు గొంతులోకొచ్చి దగ్గుకుంటూ లేస్తున్నా. అప్పుడు చేసిన సర్జన్‌గారు సంచీ సాగింది, మళ్ళీ స్లీవే చేద్దాం అంటున్నారు. ఇంకొకాయన బైపాస్ అన్నారు, అంటే పొట్టని చిన్న సంచీగా చేసి, పై పేగు దాటించి అతకడం. మా ఆడపడుచు మినీ బైపాస్ చాలంటోంది (తను బ్యాంకులో పని చేస్తుంది).
ఏది మంచిది? ఇన్సూరెన్సు రెండోసారి వస్తుందా? స్కూలుకి ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి? మొదటిసారి కంటే నొప్పి ఎక్కువా? తిండి అంటారా, పొద్దున పెద్ద గ్లాసు రాగి జావ, మధ్యాహ్నం కప్పు అన్నం, సాయంత్రం మళ్ళీ జావ. అంతే.

కరీంనగర్_పోరడు:
అక్కా, మళ్ల స్లీవ్ మాత్రం వద్దు. నేను చేయించుకున్న. గొట్టం ఇంకింత సన్నగ చేసిన్రు, మంట తగ్గుడు కాదు, రెండింతలైంది. నాలుగో రోజు జ్వరం, గుండె నిమిషానికి 130 కొట్టుకుంటాంది, ఎడమ భుజం గుంజుతాంది. గ్యాస్ అన్నరు. సీటీ తీస్తే కుట్టు కాడ లీకు. స్టెంటు ఏసిన్రు, ఆరు వారాలు ముక్కుల పైపుతోనే పాలు. ఆ దవాఖాన పేరు ఇక్కడ రాయ, కేసు నడుస్తాంది.

బైపాస్_బాబాయ్:
మీ స్లీవులు నిన్నగాక మొన్నటివి. నేను 2009లోనే బ్యాండ్, అంటే పొట్ట పైభాగానికి బిగించే పట్టీ, పెట్టించుకున్నవాణ్ణి. పొట్ట చర్మం కింద పోర్టు, దాంట్లోకి సూదితో సెలైన్ ఎక్కించి బిగించేవారు. ఇడ్లీ ముక్క ఇరుక్కుని పంక్తిలోంచి లేచి పరిగెత్తిన పెళ్ళిళ్ళున్నాయి. 2014లో బ్యాండ్ జారింది, తీసేసి బైపాస్ చేశారు. 131 నుంచి 84. ఈరోజుకీ 90 దాటలేదు. ఒక్కటే చెప్తా, బైపాస్ అయ్యాక డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోకండి. మోకాలికని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వారం మింగా. పేగు అతికిన చోట పుండు పడి, విరేచనం తారులా నల్లగా అయింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ప్రోటీన్_ఫస్ట్:
టీచర్‌గారూ, రోజుకి రెండు పెద్ద గ్లాసుల జావ తాగుతూ "అంతే" అంటారేంటి? స్లీవ్‌లో జావ నిలవదు, జారిపోతుంది. గంటకే మళ్ళీ ఆకలి. బెల్లం వేస్తున్నారా లేదా? ముందు అది చెప్పండి, సర్జరీ సంగతి తర్వాత.

చిరుధాన్యం_శక్తి:
అదేం మాటండీ! రాగుల్లో ఉన్నంత కాల్షియం పాలల్లో కూడా లేదు. 100 గ్రాములకి 344 మిల్లీగ్రాములు. మా అత్తగారికి 82, ఇప్పటికీ జావ తాగే నడుస్తున్నారు.

ప్రోటీన్_ఫస్ట్:
మీ అత్తగారికి పొట్ట మొత్తం ఉంది కదా తల్లీ. మీ 344 పాత లెక్క, తార్నాక పోషకాహార సంస్థ 2017 పట్టికలో 364. అదే పట్టికలో ప్రోటీన్ ఏడు గ్రాముల చిల్లర, అదీ 100 గ్రాముల పిండికి. మీ గ్లాసులో పడేది మూడు చెంచాలు. మనకి కావాల్సింది రోజుకి 60 నుంచి 80 గ్రాములు.

చిరుధాన్యం_శక్తి:
364 అయితే ఇంకా మంచిదేగా. నా మాటే మీరూ ఒప్పుకున్నారు.

ప్రోటీన్_ఫస్ట్:
పట్టికలో ఉన్నదంతా ఒంటికి పడుతుందా? రాగుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పట్టుకుని వదలవు. పైగా బైపాస్‌లో కాల్షియం, ఐరన్ బాగా పీల్చే పేగు ముక్కనే దాటించేస్తారు. కాల్షియం సిట్రేట్ మాత్ర వేసుకోవాలి. జావతో అయ్యే పని కాదు.

చిరుధాన్యం_శక్తి:
మాత్రలు అమ్ముకునేవాళ్ళు ఇలాగే మాట్లాడతారు.

ప్రోటీన్_ఫస్ట్:
నేను అమ్ముకుంటున్నానా? 2019 నుంచి బి12 సూది వేయించుకుంటున్న పేషెంటుని నేను!

కరీంనగర్_పోరడు:
మనిషి నిద్రలేక సస్తాంటే మీ జావ లొల్లి ఏందండి?

ఓటీ_15ఏళ్ళు:
బేరియాట్రిక్ ఓటీలో (బరువు తగ్గించే సర్జరీల ఆపరేషన్ థియేటర్) 15 ఏళ్ళుగా ఉన్నా. ఎన్ని స్లీవులకి స్టేప్లర్ అందించానో లెక్కలేదు. మంట ఉన్నవాళ్ళకి స్లీవ్ మీద స్లీవ్ వద్దు, రూ-ఎన్-వై బైపాసే, అంటే మినీ కాదు, మామూలు బైపాస్. ఫిన్లాండ్‌లో స్లీవ్‌పాస్ అని ట్రయల్ చేశారు, 10 ఏళ్ళ ఫలితం 2022లో వచ్చింది. ఎండోస్కోపీలో అన్నవాహిక వాపు స్లీవ్ వాళ్ళలో 31 శాతం, బైపాస్ వాళ్ళలో 7. మినీలో పేగు అతికేది ఒకేచోట, పైత్యరసం సంచీలోకి ఎగదన్నొచ్చు. రూ-ఎన్-వైలో రెండు చోట్ల అతికి పైత్యాన్ని బాగా కిందకి మళ్ళిస్తారు. బేరియం మింగించి ఎక్స్‌రే తీయకుండా, ఎండోస్కోపీ చూడకుండా ఎవరేం చెప్పినా నమ్మకండి. కొత్త డాక్టర్లకంటే నాకే ఎక్కువ తెలుసని మా సర్జన్లే అంటారు.

మినీ_మహారాజు:
నాది మినీయే. నాలుగేళ్ళు, ఒక్కపూట పైత్యం రాలేదు. గరిటె అందించినవాడల్లా వంటవాడైపోడు.

ఓటీ_15ఏళ్ళు:
మర్యాదగా మాట్లాడు. నీకు పేగు ఎంత దాటించారు, 150 సెంటీమీటర్లా, 200నా? డిశ్చార్జి కాగితం చూసి చెప్పు, అప్పుడు వాదిద్దాం.

మినీ_మహారాజు:
చూశా. రాయలేదు.

ఓటీ_15ఏళ్ళు:
రేపు నీకు ఐరన్ పడిపోతే కొత్త డాక్టరు ఏం చూసి చెప్తాడు? ఫోన్ చేసి ఆపరేషన్ నోట్ తెప్పించుకో.

గోదావరి_టీచర్:
బెల్లం వేస్తానండి. కొంచెమే. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. సెలవు సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రోటీన్_ఫస్ట్:
చూశారా!! వేస్తారని నాకు తెలుసు.

పాలసీ_పంతులు:
ఇన్సూరెన్సు నేను చెప్తా. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) ప్రామాణిక మినహాయింపుల్లో ఊబకాయం సర్జరీది 06 నంబరు. ఈ షరతులు తీరితేనే డబ్బు ఇస్తారు. వయసు 18 దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40 గానీ ఆపైన గానీ ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగరో ఉండాలి. మంట ఆ జాబితాలో లేదు. మీ లెక్కకి 41 పైచిలుకు వస్తోంది. సర్జరీకి ముందు లివర్ సైజు తగ్గాలని రెండు వారాలు లిక్విడ్ డైట్ పెడతారు, అందులో ఐదు కేజీలు పోయాయా, మీరు 40 కిందకి జారిపోతారు. డైట్ మొదలెట్టకముందే ఆసుపత్రిలో బరువు రాయించి, ముందస్తు అనుమతికి పంపించండి. వెయిటింగ్ పీరియడ్ అయ్యిందో లేదో పాలసీలో చూసుకోండి.

బైపాస్_బాబాయ్:
మా రోజుల్లో ఇవేవీ లేవు. ఎకరం అమ్మి కట్టాను.

డాలస్_వదిన:
నాకూ స్లీవ్ పోయి బైపాస్ అయింది, 2021లో. మంట వారంలో మాయం, అది మాత్రం అద్భుతం. కానీ మూడో నెల నుంచి జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది, బాత్‌రూమ్ జాలీలో కొబ్బరిపీచులా. మళ్ళీ వచ్చిందిలెండి. ఇంకోటి, బైపాస్ అయ్యాక తీపి పడదు. మా మరిది పెళ్ళిలో రెండు చెంచాల సేమ్యా పాయసం తిన్నా. పావుగంటలో చెమట్లు, గుండె దడ, పట్టుచీరతో కారు వెనక సీట్లో పడుకుండిపోయా. అత్తయ్య దిష్టి తగిలిందని ఉప్పు తిప్పారు. అయినా ఇప్పుడు కత్తి దేనికండీ, ఇండియాలో మౌంజారో 2025 మార్చిలోనే వచ్చిందిగా, బరువు తగ్గడానికి వారానికో సూది.

కరీంనగర్_పోరడు:
వదినా, సూది ఏస్తే ఈమె మంట పోతదా? ఆ సూదితో పొట్ట ఖాళీ అవుడే ఆలస్యమైతది. నాకు ఇంకా ఎగదన్నింది. ఆపినంక ఐదు నెలల్ల సగం బరువు వాపస్.

డాలస్_వదిన:
నాకు తెలిసింది చెప్పాను తమ్ముడూ, అరవక్కర్లేదు.

మినీ_మహారాజు:
టీచర్ మేడం, నేను మూడో వారం ఆఫీసుకెళ్ళా, కానీ నాది కుర్చీ ఉద్యోగం. మీరు నిలబడి పాఠం చెప్పాలి, గంటకి గంట గొంతు ఎత్తాలి, మధ్యలో గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగాలి. నెల పెట్టండి. వేసవి సెలవుల మొదట్లో చేయించుకుంటే సెలవులు మిగుల్తాయి. నొప్పి అంటే, మొదటి ఆపరేషన్‌తో లోపల ఏర్పడ్డ అతుకులు విడదీయాలి కాబట్టి నాకు ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. పొట్టకంటే భుజాల్లో గ్యాస్ నొప్పే ఎక్కువ.

గోదావరి_టీచర్:
చాలా థాంక్సండి. గురువారం ఎండోస్కోపీ. 2018 డిశ్చార్జి కాగితాలు బీరువా అరలో న్యూస్‌పేపర్ కింద దొరికాయి. బూజీ (స్లీవ్ కోసేటప్పుడు కొలతకి లోపల పెట్టే గొట్టం) 36 అని రాసుంది, అది మంచిదా చెడ్డదా? జావలో బెల్లం మానేసి మజ్జిగ కలుపుతున్నా.

చిరుధాన్యం_శక్తి:
జావ మానలేదు కదా, సంతోషం.