తల్లికి వందనం: పాత అద్దె ఇంటి మీటరు ఆధార్ నుంచి తీయించాలంటే?

బడికెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం విషయంలో, కోనసీమలో ఒక కౌలు రైతు కుటుంబం గురించి అడుగుతున్నానండి. ఇద్దరు పిల్లలూ సర్కారు బడే. హాజరు 75 శాతం దాటింది, బియ్యం కార్డు ఉంది, సెంటు భూమి లేదు. అయినా గ్రామ సచివాలయం జాబితాలో అనర్హులు. కారణం: కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందట!

ఇప్పుడుంటున్న ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, టీవీ. ఆరా తీస్తే, రెండేళ్ల కిందట ఖాళీ చేసిన అద్దె ఇంటి మీటరు ఇంకా తండ్రి ఆధార్‌కే ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఓనరుగారే ఉంటున్నారు, రెండు ఏసీలతో.

తల్లి ఖాతాకి ఆధార్, ఎన్‌పీసీఐ (ఆధార్ ద్వారా ప్రభుత్వ డబ్బును ఖాతాకి చేర్చే చెల్లింపుల సంస్థ) లింకు చూశాం, బాగానే ఉంది. అది లేకపోతే అర్హత వచ్చినా డబ్బు పడదు కదా. ఒక్కో బిడ్డకి 13,000 రూపాయల చొప్పున 26,000 పోతోంది.

ముందు కరెంటు ఆఫీసులో లింకు తీయించి, ఆ కాగితంతో సచివాలయంలో అర్జీ పెట్టాలా, లేక రెండూ ఒకేసారా? ఓనరు సంతకం తప్పనిసరా? ఆయన ప్రస్తుతానికి ఊళ్లో లేరు. లింకు తీసేశాక పాత నెలల యూనిట్లు కూడా లెక్కలోంచి పోతాయా? ఇది చేయించినవాళ్లు ఏ కాగితాలు ఇచ్చారో చెప్పండి.